అమెజాన్ అడవిని ఆదివాసులతో కలిసి చూడాలంటే: లాడ్జి ఎంపిక నుంచి తిరుగు ప్రయాణం దాకా

అమెజాన్ వెళ్దామనుకునేవాళ్లు చాలామంది ముందుగా అడిగేది "జాగ్వార్ కనిపిస్తుందా?" అని. నేను ముందు అడగమనేది వేరే ప్రశ్న: "ఆ లాడ్జి ఎవరిది?" దానికి సరైన జవాబు దొరికితే మిగతా పని సగం తేలికవుతుంది. ఎంత మంచి కెమెరా పట్టుకెళ్లినా, ఆ అడవిలో మీకు ఏం కనబడుతుందనేది మీ ముందు నడిచే మనిషిని బట్టే ఉంటుంది. నల్లమలలో చెంచులతో నడిచినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఉదాహరణగా పెరూ దేశంలోని తాంబోపాతా ప్రాంతాన్ని తీసుకున్నాను. అమెరికాలోనో యూరప్‌లోనో ఉంటున్న తెలుగువాళ్లకు పెరూ వీసా వ్యవహారం కొంత సులువు. పైగా అక్కడి ఇన్ఫియెర్నో అనే ఊళ్లో ఎసే ఎహా ఆదివాసులు భాగస్వాములుగా ఉన్న పొసాదా అమసోనాస్ లాడ్జి 1998 నుంచి నడుస్తోంది. పద్ధతి తెలిస్తే ఈక్వడార్‌కైనా బొలీవియాకైనా ఇదే పనికొస్తుంది.

1. ముందు లాడ్జి ఎవరిదో తేల్చుకోండి

"ఆదివాసీ టూర్" అనే పేరుతో అమ్మేవన్నీ ఒకటి కావు. కొన్ని పూర్తిగా ఊరివాళ్ల సొంతం. ఈక్వడార్‌లో యాసునీ నేషనల్ పార్కులో అన్యాంగు కిచ్వా ప్రజల నాపో వైల్డ్‌లైఫ్ సెంటర్ అలాంటిదే. బొలీవియాలో మదీదీ పార్కులోని చలలాన్ లాడ్జి కూడా సాన్ హొసే దె ఉచుపియామోనాస్ ఊరివాళ్లది.

ఇంకొన్ని భాగస్వామ్యం మీద నడుస్తాయి. ఇన్ఫియెర్నో ఊరు 1996లో ఒక టూరిజం కంపెనీతో 20 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. లాభంలో 60 శాతం ఊరికి, 40 శాతం కంపెనీకి అని అందులో రాసుకున్నారు. నిర్ణయాలు ఇద్దరూ కలిసి తీసుకోవాలి. ఇదీ మంచి పద్ధతే.

మూడో రకంతోనే చిక్కు. అక్కడ ఊరివాళ్లు కూలీలుగానో, ఈకలు కట్టుకుని నాట్యం చేసేవాళ్లుగానో మాత్రమే ఉంటారు.

బుక్ చేసేముందు మెయిల్‌లో ఈ ప్రశ్నలు పంపండి:

- లాడ్జి ఉన్న భూమి పట్టా ఎవరి పేరున ఉంది? (పెరూలో ఆదివాసీ ఊళ్లకు "కొమునిదాద్ నతీవా" అనే చట్టపరమైన గుర్తింపు ఉంటుంది. ఆ ఊరి పేరు చెప్పమనండి.)
- ఊరికి లాభంలో వాటా ఉందా, లేక జీతాలు మాత్రమేనా?
- ధరలు, నియమాలు ఎవరు నిర్ణయిస్తారు? ఊరి సభకో కమిటీకో అందులో మాట ఉందా?
- మాతో వచ్చే గైడ్ ఆ ఊరివారేనా? ఇంగ్లిష్ మాట్లాడతారా, లేక మరో అనువాదకుడు వస్తారా?
- జంతువులను దగ్గరికి రప్పించడానికి మేత వేస్తారా? వాటిని పట్టుకుని ఫొటోలు దిగనిస్తారా?

నిజంగా ఊరివాళ్లు నడిపే చోటు నుంచి జవాబు పేర్లతో, వివరాలతో వస్తుంది. "స్థానికులకు మేం ఎంతో సాయం చేస్తున్నాం" అని మాత్రమే వస్తే ఇంకో చోటు చూసుకోండి.

మొదటిసారి వెళ్లినప్పుడు ఈ ప్రశ్నలు నేను అడగలేదు. ధర తక్కువగా ఉందని ఒక ఏజెంటు మాట నమ్మి డబ్బు కట్టేశాను. పడవ దిగగానే ఒక గుడిసె ముందు, చెట్లకు వేలాడుతూ మెల్లగా కదిలే జంతువైన స్లాత్‌ను తాడుతో కట్టి ఉంచారు. ఒక్కొక్కరి చేతికీ ఇచ్చి ఫొటోలు తీయించారు. నా వంతు వచ్చినప్పుడు దాని గోళ్లు కొన్ని కత్తిరించేసి ఉండటం చూశాను. ఆ రోజంతా ఇంకేమీ చూడాలనిపించలేదు. ఇలాంటి జంతువులను తల్లి దగ్గర్నుంచి లాక్కొచ్చి తెస్తారు. మనం ఇచ్చే డబ్బే మరో పిల్లను పట్టుకోవడానికి కారణమవుతుంది.

"బయటి ప్రపంచంతో సంబంధం లేని తెగను చూపిస్తాం" అని ఎవరైనా అంటే ఆ మాట అక్కడే ఆపేయండి. తాంబోపాతా ఉన్న మాద్రే దె దియోస్ ప్రాంతంలోనే మాష్కో పీరో ప్రజలున్నారు. మనకు మామూలు జలుబైనా వాళ్ల ప్రాణం తీయగలదు. వాళ్ల రక్షణకు పెరూలో 2006 నుంచి ప్రత్యేక చట్టం ఉంది.

2. ఎప్పుడు, ఎన్ని రోజులు

తాంబోపాతాలో మే నుంచి అక్టోబర్ వరకు వానలు తక్కువ. కాలిబాటలు నడవడానికి బాగుంటాయి. నవంబర్ నుంచి ఏప్రిల్ వరకు వానలు ఎక్కువ, బురద ఎక్కువ.

మకావ్ చిలుకలు మట్టి తినే గట్లను అక్కడ కొల్పా అంటారు. వాటిని చూడటమే మీ ముఖ్య ఉద్దేశమైతే ఆగస్టు నుంచి నవంబర్ లోపు పెట్టుకోండి. మే, జూన్‌లలో గట్టుకు వచ్చే చిలుకలు తగ్గిపోతాయి.

మనవాళ్లు అసలు ఊహించనిది ఒకటుంది: చలి. మే నుంచి ఆగస్టు మధ్య దక్షిణం నుంచి ఒక్కసారిగా చలిగాలి దిగుతుంది. దాన్ని ఫ్రియాహె అంటారు. నిన్నటిదాకా ఉక్కపోత, ఇవాళ పదిహేను డిగ్రీలకో అంతకంటే కిందికో పడిపోతుంది. తెల్లవారుజామున పడవలో ఆ గాలికి వణికిపోతాం. జంతువులు కూడా ముడుచుకుని కూర్చుంటాయి. రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది.

అందుకే కనీసం నాలుగు రాత్రులు ఉండండి. రెండు రాత్రుల ప్యాకేజీలో రావడానికో పూట, పోవడానికో పూట పోగా మిగిలేది ఒక్క రోజు. ఆ రోజు వాన పడితే చిలుకలు గట్టుకు రావు.

3. వీసా, కాగితాలు

భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ల దగ్గర అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంగెన్ దేశాల్లో ఏదో ఒకదాని వీసా కనీసం ఆరు నెలల గడువుతో ఉన్నా, ఆ దేశాల్లో దీర్ఘకాల నివాస అనుమతి ఉన్నా పెరూకు టూరిస్టుగా విడిగా వీసా తీసుకోనక్కర్లేదు. అవేవీ లేకపోతే పెరూ రాయబార కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. నియమాలు మారుతుంటాయి కాబట్టి విమాన టికెట్ కొనేముందు కాన్సులేట్‌కు రాసి జవాబు తెప్పించుకుని, ప్రింటు దగ్గర ఉంచుకోండి. ఈక్వడార్‌కు 2019 ఆగస్టు నుంచి భారతీయులకు వీసా తప్పనిసరి.

హెచ్1బి ఉద్యోగ వీసా మీద అమెరికాలో ఉన్నవాళ్లు ఇక్కడ జాగ్రత్త. స్టాంపింగ్ (పాస్‌పోర్ట్‌లోని వీసా ముద్ర) గడువు అయిపోయి చేతిలో ఐ-797 అనే అనుమతి కాగితం మాత్రమే ఉంటే పెరూ వెళ్లకండి. కెనడా, మెక్సికోలకు కొద్దిరోజులు వెళ్లొచ్చేవాళ్లకు ఉన్న వెసులుబాటు పెరూకు లేదు. తిరిగి అమెరికాలోకి రావాలంటే కొత్త స్టాంపింగ్ కావాల్సిందే.

ఇండియా నుంచి వెళ్తే మధ్యలో ఒకటి రెండు విమానాలు మారాలి. మారే ప్రతి దేశానికీ ట్రాన్సిట్ వీసా కావాలేమో విడిగా చూసుకోండి.

4. టీకా: అన్నిటికంటే ముందు చేయాల్సిన పని

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు పడాలి. వేశాక సర్టిఫికెట్‌గా ఇచ్చే పసుపు రంగు పుస్తకం పదో రోజు నుంచి చెల్లుతుంది. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది.

దీన్ని అన్నిటికంటే ముందు చేయమనడానికి కారణం తిరుగు ప్రయాణం. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి బయల్దేరిన ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే ఈ సర్టిఫికెట్ చూపించాలి. లేకపోతే విమానాశ్రయం నుంచే క్వారంటైన్‌కు పంపుతారు. పెరూ, ఈక్వడార్, బొలీవియా, బ్రెజిల్, కొలంబియా అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. పెరూ చూసుకుని, అమెరికాలో రెండు రోజులు ఆగి హైదరాబాద్ వచ్చేవాళ్లకూ ఇది వర్తిస్తుంది.

ఈ టీకా అన్ని ఆస్పత్రుల్లో వేయరు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, విశాఖపట్నంలో పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్ అలాంటివి. ఏ రోజుల్లో వేస్తారో ముందే కనుక్కుని పాస్‌పోర్ట్‌తో వెళ్లండి.

అమ్మానాన్నలను వెంట తీసుకెళ్లాలనుకుంటున్నారా? 60 ఏళ్లు దాటినవాళ్లకు ఈ టీకా మొదటిసారి వేస్తే తీవ్రమైన దుష్ప్రభావాల అవకాశం మిగతావాళ్ల కంటే ఎక్కువ. గుడ్డు తింటే తీవ్రమైన ఎలర్జీ వచ్చేవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు, తొమ్మిది నెలలు నిండని పిల్లలు కూడా జాగ్రత్త పడాల్సినవాళ్లే. డాక్టరు వద్దంటే ఆ ప్రయాణం మానుకోండి. సర్టిఫికెట్ ఎలాగోలా సంపాదిద్దామని మాత్రం చూడకండి. వాళ్ల ఆరోగ్యంతో ఆడుకోవడమే అవుతుంది.

డాక్టరును అదే రోజు అడగాల్సినవి: మలేరియా మాత్రలు కావాలా, టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, టెటనస్ టీకాల సంగతేమిటి, విరేచనాలకు ఏ మందు పట్టుకెళ్లాలి.

5. సామాను

అక్కడ తడిసిన జీన్స్ మూడు రోజులైనా ఆరదు. పలచటి, తొందరగా ఆరే ఫుల్ ప్యాంట్లు, ఫుల్ చేతుల చొక్కాలు చాలు. నలుపు, ముదురు నీలం వద్దు, కీటకాలు ఎక్కువ వాలతాయి.

- మోకాళ్ల కిందిదాకా వచ్చే సాక్సులు, 4 జతలు
- రెయిన్‌కోట్ లేదా పోంచో, ఒక వెచ్చటి జాకెట్
- హెడ్ టార్చి, అదనపు బ్యాటరీలు
- 8x42 బైనాక్యులర్స్ (8 రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు), మనిషికి ఒకటి
- డీట్ 20 నుంచి 30 శాతం ఉన్న దోమల మందు
- జిప్ కవర్లు, కెమెరాకు సిలికా జెల్ పొట్లాలు
- రోజూ వేసుకునే మందులు రెండింతలు, సగం చేతి సంచిలో
- పెరూ కరెన్సీ అయిన సోల్‌లు చిన్న నోట్లలో, చిరుగు లేని డాలర్లు

బైనాక్యులర్స్‌లో ఎక్కువ జూమ్ ఉంటే మంచిదనుకుని 12x కొంటారు. చేతి వణుకు కూడా అంతే పెద్దదై కనిపిస్తుంది. అడవి నీడలో 8x42 మేలు. ఇద్దరికీ ఒకటి సరిపోతుందనుకోకండి. ఒకరు చూసి ఇచ్చేలోపు పిట్ట ఎగిరిపోతుంది.

గంబూట్లు సాధారణంగా లాడ్జిలోనే ఇస్తారు. మీ సైజు ముందే మెయిల్‌లో చెప్పండి, ముఖ్యంగా పాదాలు మరీ పెద్దవో చిన్నవో అయితే. పెద్ద సూట్‌కేసు పడవలోకి ఎక్కించకండి. తాంబోపాతాకు దగ్గరి పట్నమైన ప్వెర్తో మల్దొనాదోలో లాడ్జి వాళ్ల ఆఫీసులో వదిలేసి, మెత్తటి సంచిలో కావాల్సినవి పెట్టుకోండి.

డాలరు నోటుకు చిన్న చిరుగున్నా పెరూలో తీసుకోరు. బ్యాంకులో ఇచ్చినప్పుడే ఒక్కొక్కటీ చూసుకోండి.

6. తిండి

శాకాహారులు ఊరికే భయపడతారు. అన్నం, చిక్కుడు గింజలు, కూర అరటి, యూకా అక్కడ రోజూ ఉండేవే. యూకా అంటే మన కర్రపెండలమే.

చిక్కు మాటల్లో వస్తుంది. "సిన్ కార్నే" అంటే మాంసం లేకుండా అని మనం అనుకుంటాం. "కార్నే" అంటే వాళ్ల లెక్కలో ఎక్కువగా పశుమాంసం. కోడి వేసి తెచ్చి పెడతారు, పాపం వాళ్ల తప్పేమీ లేదు. ఇలా చెప్పండి: "నో కోమో కార్నే, ని పోయో, ని పెస్కాదో." గుడ్డు కూడా తినకపోతే చివర "ని వేవోస్" చేర్చండి. బుక్ చేసేటప్పుడు రాయండి, చేరగానే వంటవాళ్లకు మళ్లీ చెప్పండి.

పొడులు పట్టుకెళ్తే పెరూ రాజధాని లీమాలో కస్టమ్స్ ఫారంలో రాయండి. దాచిపెడితే టెన్షన్, చెబితే పోతే ఒక పొట్లం పోతుంది.

7. చేరే రోజు

లీమా నుంచి విమానంలో ప్వెర్తో మల్దొనాదో, అక్కడి నుంచి బండిలో నది రేవు, ఆ తర్వాత తాంబోపాతా నది మీద పడవ. పొద్దుటి విమానం ఎక్కండి, చీకటి పడేలోపు లాడ్జికి చేరతారు.

ఆ సాయంత్రమే గైడ్‌తో పదిహేను నిమిషాలు కూర్చోండి. మీకు ఏం చూడాలనుంది, ఎవరికి మోకాళ్ల నొప్పి, ఎవరికి ఎత్తంటే భయం అన్నీ చెప్పండి. చెట్ల తలలు చూడటానికి కట్టిన టవర్లు ముప్పై మీటర్లకు పైనే ఉంటాయి. ఎక్కలేనివాళ్లకు ఆ సమయంలో వేరే ఏర్పాటు చేస్తారు, కానీ ముందే తెలియాలి.

8. అడవిలో ఎలా నడవాలి

గైడ్ వెనకే నడవండి, ముందుకు పోకండి. జారినప్పుడు దేన్నీ పట్టుకోకండి. ఇది చెప్పినంత తేలిక కాదు, చెయ్యి దానంతటదే చెట్టు మీదికి పోతుంది. కొన్ని తాటి జాతి చెట్లకు బోదె నిండా సూదుల్లాంటి ముళ్లు. ఇసూలా అనే నల్లచీమ దాదాపు అంగుళం పొడవుంటుంది, కుట్టిందంటే ఒక రోజంతా నొప్పే. గైడ్‌ను అడిగి చేతికర్ర తీసుకోండి.

బూట్లు వేసుకునేముందు తలకిందులు చేసి దులపండి, ప్రతిసారీ.

ఏదైనా కనిపిస్తే "అదిగో, అదిగో" అని వేలు చూపిస్తే ఎవరికీ తెలియదు. మీ ఎదురుగా ఉన్నది గడియారంలో 12 అనుకోండి. "రెండు గంటల వైపు, తెల్ల చెట్టు, రెండో కొమ్మ" అనండి. మొదటి రోజే ఇది అలవాటు చేసుకుంటే మిగతా రోజులు హాయిగా సాగుతాయి.

మట్టిగట్టు దగ్గరికి చీకటి ఉండగానే బయల్దేరతారు. చాటుగా కూర్చున్నాక గుసగుసలు కూడా వద్దు. ముందు చిన్న చిలుకలు వస్తాయి, పెద్ద మకావ్‌లు చాలాసేపు పై కొమ్మల్లోనే కూర్చుని చూస్తుంటాయి. డేగ నీడ పడితే అన్నీ ఒక్కసారిగా లేచిపోతాయి. అప్పుడే చాలామంది లేచి ఒళ్లు విరుచుకుంటారు. లేవకండి. గైడ్ లేచేదాకా కూర్చోండి, చాలాసార్లు మళ్లీ వస్తాయి. ఆ మట్టిలో ఉప్పు ఎక్కువ, వాటికి కావాల్సింది అదే.

నది దారి మార్చుకున్నప్పుడు మిగిలిపోయిన వంకర చెరువులను కోచా అంటారు. జెయింట్ ఒట్టర్లు ఉండేది వాటిలోనే. మన నీటికుక్కల జాతే, కానీ మనిషంత పొడవు. తెడ్డు చప్పుడు తగ్గించి, దూరంగా ఆగండి. పిల్లలున్న గుంపు అరుపులు పెంచి మెడలు పైకెత్తి చూస్తే మనం ఎక్కువ దగ్గరికి వచ్చామని అర్థం. ఇంకొంచెం ముందుకు పోనివ్వమని పడవవాళ్లను బతిమాలకండి.

డిసెంబర్ నుంచి మార్చి మధ్య వెళ్తే బ్రెజిల్ నట్ చెట్ల కింద నిలబడి ఫొటోలు దిగొద్దు. ఆ కాయ చూడటానికి వెలగపండులా ఉంటుంది, కానీ బరువు కిలో పైనే, పడేది నలభై యాభై మీటర్ల ఎత్తు నుంచి.

గైడ్ చెప్పగానే ఎందుకని అడగకుండా ఎందుకు వినాలో నాకు ఒక మధ్యాహ్నం తెలిసింది. మా గైడ్ నడుస్తూ నడుస్తూ ఆగి, గాలి పీల్చి, ముక్కు మీద వేలు పెట్టి చూపించాడు. నాకు తడి ఆకుల వాసన తప్ప ఏమీ తెలియలేదు. మమ్మల్ని ఒక పెద్ద చెట్టు పలక వేర్ల వెనక్కి జరిపాడు. కాసేపటికి పొదల్లోంచి టక్ టక్ మని చప్పుడు మొదలైంది, ఎవరో చెక్కలు కొడుతున్నట్టు. పళ్లు కొట్టుకుంటూ వాంగానాలు వచ్చాయి, తెల్ల మూతి అడవి పందులు. యాభై దాకా లెక్కపెట్టి వదిలేశాను. మాకు పది అడుగుల దూరంలో నేల తవ్వుకుంటూ వెళ్లిపోయాయి. అవి పోయాక గానీ ఆ ఘాటు వాసన నా ముక్కుకు అందలేదు. ఆయనకు అది నాలుగైదు నిమిషాల ముందే అందింది.

9. ఊరివాళ్లతో

లాడ్జి చూసుకునే ఊరివాళ్లే దాని యజమానులు. ఆ మర్యాద ఇవ్వండి. మనుషులను, ముఖ్యంగా పిల్లలను ఫొటో తీసేముందు అడగండి. "పుయెదో?" అని కెమెరా చూపిస్తే చాలు. తల అడ్డంగా ఊపితే కెమెరా దించేయండి.

పిల్లలకు చాక్లెట్లు, పెన్నులు పంచకండి. ఏదైనా ఇవ్వాలనుంటే బడికి ఏం కావాలో ఊరి కమిటీనే అడగండి.

మందు మొక్కల గురించి చెప్పేవాళ్లను చూపించే కార్యక్రమం ఉంటుంది, తప్పకుండా వెళ్లండి. ఆయవాస్కా అనే మత్తు కలిగించే మూలికల కషాయం తాగమని బయట ఎవరైనా పిలిస్తే వెళ్లకండి. డిప్రెషన్ మందులు, గుండె మందులు వాడేవాళ్లకు అది ప్రాణం మీదికి తెస్తుంది.

టిప్ ఇచ్చేటప్పుడు గైడ్‌తో పాటు పడవవాళ్లను, వంటవాళ్లను కూడా గుర్తుంచుకోండి. ఉమ్మడి పెట్టె ఉందా అని అడగండి.

10. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

జాగ్వార్ ఒక్కటే లెక్క పెట్టుకోవడం. నాలుగు రోజుల్లో కనిపించకపోవడమే ఎక్కువ. రోజూ రాత్రి గైడ్‌తో కూర్చుని ఆ రోజు చూసినవి రాసుకోండి. కోతులు, పిట్టలు, కప్పలు కలిపితే జాబితా ఎంత పెరుగుతుందో చూస్తారు.

చేతులకు దోమల మందు రాసుకుని కప్పను ముట్టుకోవడం. కప్ప చర్మం ఆ మందును పీల్చేస్తుంది. అసలు ముట్టుకోవద్దు.

అడవి నుంచి వచ్చిన రోజే అంతర్జాతీయ విమానం పెట్టుకోవడం. వాన పడితే విమానాలు ఆలస్యమవుతాయి, నదిలో నీరు తగ్గితే పడవ నెమ్మదిస్తుంది. మధ్యలో ఒక రాత్రి లీమాలో ఉంచుకోండి.

అడవి నుంచి నేరుగా కొండల మీది కుస్కో నగరానికి వెళ్లి అదే రోజు తిరగడం. దాదాపు 200 మీటర్ల ఎత్తు నుంచి 3,400 మీటర్లకు ఎక్కుతున్నారు. మొదటి రోజు విశ్రాంతికే వదలండి.

గదిలో బిస్కెట్లు తెరిచి ఉంచడం. చీమలు, ఎలుకలు, ఒక్కోసారి కోతులు. తిండి అంతా మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి.

11. తిరుగు ప్రయాణం

ఈకలు, పళ్లు, గోళ్లతో చేసిన ఆభరణాలు ఎంత అందంగా ఉన్నా కొనకండి. మకావ్ ఈక ఒక్కటున్నా కస్టమ్స్‌లో లాక్కుంటారు, జరిమానా కూడా పడొచ్చు. చెక్క బొమ్మలు, నార సంచులు కొనండి. వాటినీ ఫారంలో రాయండి.

- పసుపు పుస్తకం చేతి సంచిలో, పాస్‌పోర్ట్‌తో కలిపి
- బూట్ల మట్టి కడిగి ఆరబెట్టినవి
- తడి బట్టలు విడి కవర్లో
- మలేరియా మాత్రలు రాసిచ్చి ఉంటే, ఇంటికొచ్చాక కూడా డాక్టరు చెప్పినన్ని రోజులు

వచ్చిన కొన్ని వారాల్లో, నెలల్లో జ్వరం వచ్చినా, ఒంటి మీద పుండు మానకుండా ఉన్నా డాక్టరుకు మొదటి మాటగా "అమెజాన్ వెళ్లొచ్చాను" అని చెప్పండి. అక్కడి ఇసుక ఈగల వల్ల లీష్మానియాసిస్ అనే చర్మవ్యాధి వస్తుంది. కుట్టిన కొన్ని వారాలకు నొప్పి లేని చిన్న పుండుగా మొదలవుతుంది. మామూలు గాయమనుకుని పూతమందులతో నెలలు గడిపేస్తారు. మీరు ఎక్కడ తిరిగారో తెలిస్తే డాక్టరు ఆ పరీక్ష ముందే చేయిస్తారు.